తలుపులు తీసే ఉంటయని చెప్పాను

ఫోన్లో నేను అన్న ఒక్క మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. నా భర్తకు తెలియదు. పిల్లలకు తెలియదు. కోరుట్లలో మా వీధివాళ్ల దృష్టిలో నేను గల్ఫ్‌కు పోయి, బట్టల కంపెనీలో కుట్టి, ఇల్లు నిలబెట్టిన మనిషిని. నేనెవరో మీకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

సిరిసిల్లలో లంగాలు కుట్టే షెడ్డులో రాజవ్వ, నేను పక్కపక్క మిషన్ల మీద పనిచేసేవాళ్లం. ఆమెది ఎల్లారెడ్డిపేట దగ్గర పల్లె. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచేది. మూసిన గదంటే ఆమెకు ప్రాణభయం. చిన్నప్పుడు సవతి తల్లి వడ్ల అర్రలో పెట్టి గొళ్లెం వేసేదట. షెడ్డులో కూడా గుమ్మం దగ్గరి మిషనే అడిగి తీసుకుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

గల్ఫ్‌కు నేను ముందు వెళ్లాను. అక్కడ మొదటి అంతస్తులో పెద్ద హాలు. మేం లోపలికి పోగానే బయట తాళం పడేది. బట్ట ఎత్తుకుపోతామని అనుమానం. పాస్‌పోర్టులు మేనేజరు దగ్గరే ఉండేవి. హాల్లో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. ఇళ్లకు ఫోన్ చేసినప్పుడు ఎవరి భాషలో వాళ్లు బాగున్నామనే చెప్పేవాళ్లు. మాట అర్థం కాకపోయినా ఆ నవ్వు నాకు అర్థమయ్యేది. నేనూ అలాగే నవ్వేదాన్ని. ఆ అబద్ధానికి నేను సిగ్గుపడను.

ఒకరోజు ఇస్త్రీ బల్ల దగ్గర గుడ్డల కుప్ప అంటుకుంది. తలుపు బాదాం. ఎవరూ రాలేదు. పొగకు కళ్లు మండి, ఒకరి మీద ఒకరు పడుతూ అరిచాం. తాళం తీసేసరికి ఇద్దరు స్పృహ లేకుండా పడి ఉన్నారు. ఆ తర్వాత నేను మామూలు మనిషిని కాలేకపోయాను. ఎక్కడ ఏ చిన్న కాలిన వాసన వచ్చినా లేచి తలుపు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇంటికి పంపమని మేనేజరు కాళ్లు పట్టుకున్నాను. నీ మిషన్ మీద కూర్చునే మనిషిని తెచ్చుకో, పాస్‌పోర్టు తీసుకో అన్నాడు.

రాజవ్వకే ఎందుకు ఫోన్ చేశాను? ఆమె కుట్టు చక్కనిదనా, ఆమెకు పని అవసరమనా? నాకు నేను ఎన్ని కారణాలు చెప్పుకున్నా అసలు సంగతి ఒక్కటే. ఆమె నన్ను నమ్ముతుంది.

"గక్కడ ఎట్లుంటదక్కా? నిజం చెప్పు."

"మంచిగుంటదే. సల్లగ ఏసీల కూసొని కుట్టుడే."

"తలుపులు మూస్తరా? నా సంగతి నీకెరుకే గదా."

"తీసే ఉంటయి. నువ్వేం రంది పడకు."

ఆ మాట అంటున్నప్పుడు తాళం వేసిన తలుపుకే వీపు ఆనించి నిలబడి ఉన్నాను.

ఆమెను హాల్లోకి తెచ్చిన పూట నేను జ్వరమని చెప్పి గదిలో ముసుగుతన్ని పడుకున్నాను. ఆమె ముఖం చూడకుండానే విమానం ఎక్కాను.

కొన్ని నెలలకు హాల్లో కరెంటు పోయి చీకటైందట. రాజవ్వ కిటికీ అద్దం పగలగొట్టి దూకింది. తుంటి విరిగింది. కుంటుతూ ఇల్లు చేరి, మెట్ల మీద జారానని ఊళ్లో చెప్పుకుంది. నాకొక్కదానికే నిజం చెప్పి, నువ్వున్నప్పుడు కూడా తాళం వేసేవాళ్లా అని అడిగింది. లేదన్నాను. అయితే నా గాచారమే అక్కా, నా రాతే గంత అని ఏడ్చింది. పక్కన కూర్చుని ఓదార్చాను కూడా. అంతటి మనిషిని నేను.

ఈమధ్య ఆమె కూతురు శ్రావణి మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, నేను గుడ కుట్టుపనికే గల్ఫ్ పోతున్న. అమ్మ భయపడుతున్నది. నువ్వు జర చెప్పు, నీ మాటైతే ఇంటది."

పిల్లకు చాయ్ ఇచ్చాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. మర్నాడు బస్సెక్కి రాజవ్వ ఊరికి పోయాను. దారి పొడవునా దిగి వెనక్కి వచ్చేద్దామనే ఉంది.

ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మంటల సంగతి, మేనేజరు మాట, నా జ్వరం, అన్నీ చెప్పాను. ఆమె బీడీలు చుడుతూనే వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఫోన్ చేసిననాడు గుడ తాళం ఏసే ఉండెనా?"

"ఏసే ఉండె."

చేతిలోని ఆకు చాటలో పెట్టింది. "పో" అంది.

రెండు రోజులకు శ్రావణి ఫోన్ చేసింది. "నేను పోతలేను పెద్దమ్మా. అమ్మ నీతోని మాట్లాడద్దన్నది." ఫోన్ పెట్టేసింది.

ఈ సంగతి రేపో మాపో కోరుట్లకు చేరుతుంది. నా భర్త వింటాడు. ఆయన ముఖం ఎలా మారుతుందో తలుచుకుంటేనే భయమేస్తోంది. ముందే నేను చెప్పాలి. ఇంకా నోరు రాలేదు. క్షమించమని రాజవ్వను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. భయం పోలేదు. కానీ శ్రావణి వాళ్లమ్మ దగ్గరే ఉంది. నేను చేసిన పని నాదేనని, నా నోటితోనే చెప్పాను.