పన్నెండు బండ్ల రాయి

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదంటే, నాకు రాయడం రాదు కనుక. అరవై దాటాక మా వీధి పంతులమ్మ సాయంత్రాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెబుతుంటే అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు నా ఉత్తరాలన్నీ మా ఆయనే రాసిపెట్టేవాడు. కానీ ఈ సంగతి ఆయన చేత రాయించేది కాదు. నా తప్పును ఇంకొకరు రాస్తే అది వాళ్ళు చెప్పినట్టుంటుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో ఊరి చివర మా ఇల్లు, పెరట్లో ఉప్పునీళ్ళ బావి. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, వాటితో పప్పు ఉడకదు. అయినా బర్రెలకూ బట్టలకూ అంట్లకూ అవే దిక్కు. ఆ బావి తవ్వకముందు రోజుకు పదిసార్లు దూరపు బావికి బిందెతో తిరిగినదాన్ని. బిందె ఒరుసుకుని నడుము మీద పడిన నల్ల మచ్చ ఇంకా పోలేదు.

ఒకసారి జమ్మలమడుగులో పుట్టింటికి పోయినప్పుడు, పెన్నలో పట్టిన పరిగె చేపలను ముంతలో పెట్టుకుని బస్సులో తెచ్చి మా బావిలో వదిలాను. ఉప్పునీళ్ళలో బతకవన్నారు. బతికాయి. పడమటి పక్క ఊట వచ్చే బొక్కల్లో దాక్కుని, మెతుకులు వేస్తే బయటికొచ్చేవి. నీళ్ళలో పురుగు కనబడితే తినేసేవి.

ఆ ఏడు వానలకు బావి ఒడ్డు విరిగిపడింది. మా ఆయన పులివెందుల దగ్గర రోడ్డు పనిలో ఉన్నాడు. రాతికట్టు కట్టించమనీ, ఎన్ని బండ్ల రాయి కావాలో పనాయన్ని అడిగి తెప్పించమనీ కబురు పెట్టాడు.

పనాయన పక్క వీధి సాయెబు. ఆయన కట్టిన బావులు మా చుట్టుపక్కల శానా ఉన్నాయి. ముళ్ళు వేసిన తాడు బావిలోకి వదిలి లోతు చూశాడు. చుట్టుకొలతకు నా పాత చీర ఒడ్డు చుట్టూ పరిపించాడు. కాసేపు వేళ్ళు ముడిచి తెరిచి, "ఎనిమిది బండ్లు చాలు పాపా" అన్నాడు. "పడమటి పక్క సున్నం లేకుండా ఉత్త రాయి పేర్చల్ల. ఊట ఆణ్ణుంచే వస్తాంది. నీ చేపలకు కూడా ఆ సందులే ఇల్లు."

మా అత్త గడపలోంచి అందుకుంది. "ఎనిమిదేనా? ఎదురింటోళ్ళ బావికి పది దించినారే! నీకు నడుము నొప్పి, రాయి ఎత్తల్లంటే బద్ధకం."

"నడుము నొప్పి నిజమే అక్కా. లెక్క మాత్రం నడుముతో వేయలేదు, తాడుతో వేసినా."

రాళ్ళ బండాయన మరుసటి రోజు వస్తానన్నాడు. అప్పటికి లెక్క చెప్పాలి. ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. బర్రెకు గడ్డి వేయబోయి బావి చుట్టూ తిరిగేదాన్ని. చీర మళ్ళీ పరిచాను, తాడు మళ్ళీ వదిలాను. ఎన్నిసార్లు చూసినా బావి అంతే ఉంది. నా మనసే ఇంకోచోట ఉంది. ఆ రాళ్ళు వచ్చేది జమ్మలమడుగు పక్క నుంచి. మా పుట్టింటి వీధి గుండానే బండ్లు రావాలి. మా వదిన వాకిట్లో నిలబడి చూస్తుంది. నా పెళ్ళినాడు నలుగురిలో "ఉప్పునీళ్ళ ఊరికి ఇస్తాండారు" అని నవ్విన మనిషి ఆమె.

బండాయన రాగానే నా నోటినుంచి పన్నెండని వచ్చింది.

"పన్నెండా! బావి కడతాండారా, ఇంకో గండికోట కడతాండారా?" అన్నాడు బండాయన.

మా అత్త సంతోషంతో అతనికి మజ్జిగ ఇచ్చింది.

సాయెబు లెక్కే నిజమైంది. కట్టు పూర్తయ్యేసరికి నాలుగు బండ్ల రాయి వాకిట్లో మిగిలిపోయింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు సాయెబును పిలిచి, లోపల ఇంకో వరస కట్టమన్నాను. చుట్టూ, సున్నంతోనే.

ఆయన తాపీ కింద పెట్టాడు. "పడమటి పక్క వద్దు పాపా. ఊట మూసుకపోతాది."

"చెప్తాండేది నేను కదా మామా. కట్టు."

కట్టాడు. బావి పెళ్ళింటి గోడలాగా నున్నగా తయారైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

కొన్ని వారాలకు తాడు చాలక ఇంకో మూర ముడివేశాను. తర్వాత ఇంకో మూర. పరిగెలకు దాక్కోవడానికి సందు లేదు. లకుముకి పిట్ట ఒకటి మరిగింది. గిలక మీద కూర్చుని చూసి చూసి దూకేది. నేను తోలితే గోడెక్కి కూర్చునేది, ఇంట్లోకి పోగానే మళ్ళీ వచ్చేది. పొయ్యి మీద కూర మాడిపోతున్నా బావి దగ్గరికే పరిగెత్తేదాన్ని. చేపలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయో ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన వచ్చిన రోజు బొక్కెన వేస్తే బురద వచ్చింది. సాయెబును పిలిపించాడు. ఇరుగుపొరుగు చేరారు. వాళ్ళ ముందే ఆయన్ని నిలదీశాడు.

"ఏం మామా, ఊట మీదనే సున్నం కొడతారా ఎవరన్నా? ఇన్నేండ్లు చేసిన పని ఇదేనా? ఇంగ నిన్ను బావి కట్టను ఎవరు పిలుస్తారు?"

సాయెబు నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న తాడు వైపు చూశాను.

"వయసైపోయింది నాయనా. కండ్లు ఆనలేదు" అని భుజం మీది తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఎదురింటామె గోడ మీదుగా చెప్పింది. వాళ్ళ తమ్ముడు చేనులో బావికి సాయెబును మాట్లాడుకున్నాడట, ఇప్పుడు వద్దని కబురు పంపాడట. "కండ్లు కనబడనోడు బావిలోకి దిగి ఏం చేస్తాడు లేమ్మా" అంది. ఆ రాత్రి పడుకుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు.

తెల్లవారగానే సాయెబు ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఉలీ సుత్తీ తీసుకోని రా మామా" అన్నాను.

"నీ మొగుడు ఊరుకోడు పాపా."

"నేను చెప్తా, రా."

ఇద్దరం వీధి వెంట నడిచి వచ్చాం. మా ఆయన పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడు. ఎదురింటామె పేడ ఎత్తుకోను మా పెరట్లోకి వచ్చి ఉంది. ఆమెకు కూడా వినబడేటట్టు గట్టిగా చెప్పాను. "ఎనిమిది చాలన్నది మామ. పన్నెండని చెప్పింది నేను. పడమటి పక్క వద్దన్నా కట్టించింది నేనే. మామ కండ్లు బాగానే ఉండాయి. మీ తమ్మునికి పోయి చెప్పక్కా."

మా ఆయన పుల్ల నోట్లోంచి తీసి నా వైపు చూశాడు.

నేను చీర కాసెపోసి కట్టుకుని నడుముకు తాడు బిగించుకున్నాను. మా ఆయన వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. ఉలీ సుత్తీ తీసుకుని లోపలికి దిగాను. సాయెబు ఒడ్డు మీద బోర్లా పడుకుని వేలు చూపించాడు.

"ఇంకా కిందికి పాపా. ఆ నల్ల రాయి. ఆ, అదే."

మొదటి రాయి రాలేదు. దాని పక్కది కదిలింది. ఊడబెరికి వెనకటి కట్టు రాళ్ళ సందులో చేయి పెట్టి చూశాను. లోపలి మన్ను తడిగా ఉంది.