జిలానీ సార్ తిన్న సంగటి

మీ గుండెకు పోయే రక్తనాళాన్ని చీల్చి, లోపలి పసుప్పచ్చటి గడ్డను మీ వాళ్లకు చూపిస్తే ఏమంటారు? జబ్బంటారా, ఎవరో పెట్టిన మందంటారా? జవాబుకు తొందరపడకండి. నిన్న ఆస్పత్రి వసారాలో శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ వాసన తగిలింది. పందొమ్మిది వందల యాభైల చివర్లో కర్నూలులో శవపరీక్షలు చేసిన జిలానీ సార్ గుర్తొచ్చారు. ఆయన ప్రయోగశాలలో నేను పనిచేశాను. మూఢనమ్మకాలను సభల్లో చీల్చి చెండాడటం అప్పటికే నాకు అలవాటు. ఆ గొంతు ఇప్పుడు అలసిపోయింది.

కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో ఓబుల్‌రెడ్డి అనే రైతు అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ కూలిపోయాడు. వడ్డించింది రెండో భార్య లక్షుమ్మ. ఆమె పెట్టుడు మందు పెట్టిందని అతని అన్న చెన్నారెడ్డి పోలీసులకు చెప్పాడు. అన్నంలో కలిపిన ఆ మందు కరగదట, ఒంట్లో ముద్దగా నిలిచి మనిషిని తినేస్తుందట. శవం కర్నూలుకు వచ్చింది. విషం జాడలేవీ లేవు. గుండె నాళం ఒకటి కొవ్వుతో పూడిపోయి ఉంది. పోలీసులు తప్పుకున్నారు. ఊరు తప్పుకోలేదు. లక్షుమ్మను ఇంట్లోంచి, పొలంలోంచి వెళ్లగొట్టాలని పెద్దలు అనుకుంటున్నారని తెలిసి సార్ చెన్నారెడ్డిని పిలిపించారు. కళ్లారా చూస్తే నమ్ముతాడని ఆయన ఆశ.

పళ్లెంలో నాళాన్ని విప్పి చూపించారు. చెన్నారెడ్డి దాన్ని చాలాసేపు చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇదే సార్ మందు. కడుపులో పెడితే గుండెకెక్కినాది. మీరే బయటికి తీసినారు."

సార్ కోప్పడలేదు. అతన్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, నురుగు నింపినట్టు ఉబ్బిన కణాలను చూపించారు. కొలెస్ట్రాల్ అనే ఈ కొవ్వు విషం కాదని, ప్రతి కణానికీ గోడ కట్టుకోవడానికి అది కావాలని చెప్పారు. అది నీళ్లలో కరగదు కాబట్టి నెత్తురులో మాంసకృత్తుల బండ్లెక్కి తిరుగుతుంది. కణం దాన్ని అరిగించుకోలేదు. మిగిలింది తిరుగు బండికి ఎక్కించాలి, కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి బయటికి పంపాలి. నాళం గోడలో చిక్కుకుని నిలవైతే పాత నూనెలా చెడుతుంది. ఊడ్చే కణాలు వచ్చి దాన్ని మింగుతాయి, ఎక్కించే బండి అందక మింగిందంతా మోసుకుని అక్కడే కూలబడతాయి. ఇందులో కొంత ఆ రోజుల్లో ఆయన ఊహే. తర్వాతి శాస్త్రం దాన్ని వివరంగా తేల్చింది.

చివరికి మరో సీసా తెచ్చి, అందులోనిది ఒక తాసిల్దారు నాళమని, దీన్లోనూ అదే కొవ్వుందని చూపించారు.

"ఆయప్పకు శత్రువులు ఉండరా సార్? శానామంది ఉంటారు," అన్నాడు చెన్నారెడ్డి, జాలిగా.

ఆ ఆదివారం సార్ నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లారు. రచ్చబండ దగ్గర నేను నిలబడి మాట్లాడాను. మంత్రగాళ్లను, మందు కక్కించే వాళ్లను, వాళ్లను పోషించే పెద్దలను ఉతికి ఆరేశాను. జనం మర్యాదగా విన్నారు. ఒక ముసలాయన, బాగా చదువుకున్నావు నాయనా అని మెచ్చుకుని, లక్షుమ్మ ఊరొదిలి ఎప్పుడు వెళ్తుందని పక్కవాణ్ని అడిగాడు. సార్ నన్ను పక్కకు తీసుకెళ్లారు.

"నువ్వు గెలవాలని మాట్లాడతాండావప్పా. ఆమె ఈడ బతకాల. అది వేరే పని."

తర్వాత నేరుగా లక్షుమ్మ ఇంటికి నడిచారు. జనం వెంట వచ్చారు. భర్త పోయినప్పటి నుంచి ఆమె చేతి మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టలేదు. సార్ అరుగు మీద కూర్చుని, ఆకలిగా ఉంది, ఏముంటే అది పెట్టమని అడిగారు. ఆమె గడప దాటి రాలేదు.

"నా చేత్తో వద్దు సార్. మీకు రేపు జొరమొచ్చినా నా మీదకే వస్తాది."

"రానీమ్మా. జొరమొస్తే ఈడికే వచ్చి పండుకుంటా."

ఆమె నవ్వింది, ఏడ్చింది, లోపలికి వెళ్లింది. వేడి సంగటి, పప్పు తెచ్చి ఇద్దరికీ వడ్డించింది. జనం వీధిలో నిలబడి చూస్తున్నారు. సార్ నిదానంగా తిని, ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నారు. ఆ పక్కన కూర్చుని నేనూ తిన్నాను. నా ఉపన్యాసానికి లొంగని ఆ మొహాల్లో మొదటిసారి అనుమానం తమ వైపు తిరగడం చూశాను.

ఆ తర్వాత కూడా ఆయన వీలు చిక్కినప్పుడల్లా బస్సెక్కి వెళ్లి అదే అరుగు మీద తిని వచ్చేవారు. కొంతకాలానికి పక్కింటి ఆమె మజ్జిగ అడిగి తీసుకుందట. చెన్నారెడ్డి మాత్రం ఎన్నడూ ఆ గడప తొక్కలేదు. లక్షుమ్మకు ఇల్లు నిలిచింది, పొలం నిలిచింది. మందు పెట్టిందన్న మాట మాత్రం ఆమె పోయాక కూడా చావలేదు. నిజం చెప్తే చాలు, అబద్ధం దానంతటది రాలిపోతుందని ఇంకా నమ్ముతున్న వాళ్లను చూస్తే నాకిప్పుడు కోపం రాదు, నీరసం వస్తుంది. నిరూపించడం సగం పనే. మిగతా సగం ఒంటితో చేయాలి. అది ఆయన నాకు అప్పగించిన పని, ఇప్పటికీ పూర్తి చేయలేదు.

మీ ఊళ్లోనూ ఎవరో ఒక ఆడమనిషి మీద ఈ మాట ఉండే ఉంటుంది. నా వ్యాసానికి తల ఊపి ఊరుకోకండి. ఈ పూటే ఆమె ఇంటికి వెళ్లండి. నలుగురూ చూసేలా వీధిలో కూర్చుని, ఆమె చేత్తో పెట్టించుకుని తినండి.