స్వామి తిరిగిచ్చిన సగం రోజు

ఆ రోజుల్లో మా వైపు కొత్తగా పెళ్లయినవాడు పెళ్లాంతో కలిసి ఊరికే బయటికి వెళ్లడమంటూ ఉండేది కాదు. గుడికి వెళ్లాలి, లేదంటే ఎవరినన్నా పరామర్శించడానికి వెళ్లాలి. "ఊరికే అలా తిరిగొస్తాం" అంటే, "ఊరికే ఏందిరా, పనేం లేదా?" అనేవాళ్లు. పైగా నేను గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని. పొద్దస్తమానం టిక్కీల మధ్య తిరిగేవాణ్ని (టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోతం). ఎంత రుద్దుకుని స్నానం చేసినా ఆ ఘాటు ఒంటిని వదిలేది కాదు. చీరాలలో నూలు రంగుల మధ్య పెరిగొచ్చిన మా ఆవిడ, నేను గదిలో అడుగు పెడితే చాలు, తుమ్మేది. మొదటి నెలలో ఆమె నాతో మాట్లాడిన మాటలకంటే తుమ్మిన తుమ్ములే ఎక్కువ. ఆ మాటలైనా "ఊఁ", "సరేనండి" తప్ప మూడోది లేదు. నేనంటే ఇష్టమో, లేక నా ఘాటుతో పాటు నన్నూ భరిస్తోందో తెలిసేది కాదు. అంతలో ఆషాఢం దగ్గరపడింది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు కాబట్టి మామగారు వచ్చి ఆమెను నెల్లాళ్లు పుట్టింటికి తీసుకుపోతారు. ఆ సంగతి తేల్చుకోకుండా నెల్లాళ్లు ఎలా గడపాలో తెలియక నాకు తిండి సయించలేదు.

మా స్టోరేజీలో సినిమా బావ అని ఒకడుండేవాడు. "ఒరేయ్, ఎక్కడికో చెప్పకుండా తీసుకెళ్లు. సర్‌ప్రైజు! పొద్దంతా సిటీలో తిప్పు. సాయంత్రానికి ఆవిడే మాట్లాడుద్ది చూడు," అన్నాడు (వాడికింకా పెళ్లి కాలేదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు). పథకం వేశాను. గుంటూరు నుంచి బస్సులో బెజవాడ, కృష్ణలో బోటు షికారు, ఏసీ హోటల్లో భోజనం, దొరికిన సినిమా, మళ్లీ బస్సు. ఇంట్లో ఉన్న ఒక్క బండీ నాన్న పొలానికి వేసుకుపోతాడు కాబట్టి మన రథం ఆర్టీసీయే. మా ఆవిడతో "రేపు పొద్దున్నే తయారవ్వు, ఎక్కడికని అడగొద్దు" అన్నాను. "సరేనండి" అని తుమ్మింది. అమ్మతో మాత్రం మంగళగిరి వెళ్లి స్వామికి పానకం పోయించుకొస్తామని చెప్పాను. దేవుడి మాటెత్తితే అమ్మ కాదనదు. కానీ వెనక మంచం మీద నానమ్మ ఉన్న సంగతి మర్చిపోయాను.

"మంగళగిరా? ఒరేయ్, నువ్వు పుట్టినప్పుడు మొక్కుకున్న మొక్కు అట్టాగే ఉండిపోయిందిరా! నేనూ వస్తన్నా," అంటూ లేచి కూర్చుంది.

మొక్కున్న ముసలమ్మను వద్దనే ధైర్యం మా ఊళ్లో ఎవడికీ లేదు. మర్నాడు కోడి కూయకముందే బెల్లం మూట, పులిహోర డబ్బా, చెంబు పట్టుకుని నానమ్మ గుమ్మంలో సిద్ధం. పానకంలో పుడక అన్న సామెత పుట్టించిన మహానుభావుడెవరో గానీ, తప్పకుండా నాలాగే పెళ్లాంతో మంగళగిరి బయల్దేరి ఉంటాడు.

గుంటూరు బస్టాండులో కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టడంలో నాకు కాస్త పేరుంది. ఆ రోజూ ఎగబడి రెండు సీట్లు పట్టాను. నానమ్మ కిటికీ పక్కన సర్దుకుని, "రా అమ్మాయ్, నా పక్కన కూచో. వాడు మగోడు, నుంచుంటాడు," అంది. నేను పట్టిన సీటు పక్కనే, బెల్లం మూట చంకలో పెట్టుకుని, రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. బస్సు కదిలిన దగ్గర్నుంచి నానమ్మ నా బాల్యాన్ని విప్పింది. "వీడికి నిద్రెక్కువమ్మాయ్. ఎక్కడ కూలబడితే అక్కడే! ఒకసారి మిరప కల్లంలో పట్టా కింద దూరి నిద్రపోయాడు. ఊరు ఊరంతా బావుల్లో దిగి వెతికారు. వీడేమో సాయంత్రం తుమ్ముకుంటా లేచొచ్చి అన్నం పెట్టమన్నాడు!" మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లయ్యాక నేను విన్న మొదటి నవ్వు అది. నా మీద అయితేనేం, ప్రాణం లేచొచ్చింది.

మొక్కంటే మెట్ల మీదే ఎక్కాలంది నానమ్మ. ఒక చేత్తో ఆమెను, ఇంకో చేత్తో బెల్లాన్ని పట్టుకుని కొండెక్కాను. పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటగుటమని చప్పుడు. ఆ చప్పుడు ఆగగానే మిగిలిన సగం మా చెంబులో పోసిచ్చారు. కిందికి దిగి పులిహోర తిన్నాక, ఇక ఇంటికే గదా అని నేను దిగాలుగా చేతులు కడుక్కుంటున్నాను. నానమ్మ మండపంలో స్తంభానికి ఆనుకుని కాళ్లు చాపింది.

"నా మోకాళ్లు ఇక కదలవు. మీరిద్దరూ ఎటన్నా పోయి సాయంత్రానికి రండి."

"ఎటు పోతాం నానమ్మా? స్వామి కోసమే గదా వచ్చింది," అన్నాను, ఇంకా అబద్ధాన్నే పట్టుకుని వేలాడుతూ.

"ఓరి పిచ్చోడా, మొక్కుకి వచ్చేవాడు సెంటు కొట్టుకుని వస్తాడంట్రా? స్వామంతటోడే సగం తాగి సగం తిరిగిచ్చాడు. నేను ఆయన కంటే గొప్పదాన్నా? పొండి, మిగిలిన సగం మీది!"

నాకు సిగ్గూ సంతోషం ఒకేసారి ముంచుకొచ్చాయి. మా ఆవిడ చెయ్యి పట్టుకుని (నడిబజార్లో!) పరిగెత్తి బెజవాడ వెళ్లే సిటీ బస్సెక్కాను. ఎట్టకేలకు పక్కపక్క సీట్లు. సినిమా బావను తలుచుకుని, గొంతు సవరించుకుని, "నీకు... నేనంటే..." అని మొదలుపెట్టాను. తెల్లారకముందు లేచిన ఒళ్లు, కొండెక్కిన కాళ్లు, కడుపు నిండా పులిహోర, కిటికీలోంచి గాలి. ఆ వాక్యం ఎక్కడ ఆగిందో నాకు ఈనాటికీ తెలియదు.

కళ్లు తెరిచేసరికి తల మా ఆవిడ భుజం మీదుంది. బయట కృష్ణ కనిపిస్తోంది.

"వచ్చేశాం, బోటెక్కుదాం పద!" అని లేవబోయాను.

"కూచోండి. బెజవాడ వెళ్లడం కూడా అయిపోయింది. ఇప్పుడు వెనక్కి వెళ్తున్నాం."

"మరి లేపలేదేం?"

"కండక్టరు గారు లేపబోయారండి. నేనే వద్దన్నా. మీరు చిన్నపిల్లాడిలా నిద్రపోతుంటే... మళ్లీ టిక్కెట్లు తీసుకుని ఇట్టాగే కూచున్నా."

బోటు, ఏసీ, సినిమా అన్నీ నా నిద్రలో కొట్టుకుపోయాయి. ఏడుపొక్కటే తక్కువ. ఆమె మాత్రం కిటికీలోంచి నీళ్లవైపు చూస్తూ, "ఆషాఢం వెళ్లాక మళ్లీ వద్దామండి. ఈసారి మీ మాట సగంలో ఆపకుండా చెప్పండి," అంది. తర్వాత ఒక్క తుమ్ము తుమ్మింది. అంత తియ్యటి తుమ్ము నేను మళ్లీ వినలేదు.

నానమ్మ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సుల్లో టిక్కెట్టు లేదు కాబట్టి, మా ఇంట్లో సర్‌ప్రైజులిచ్చే అధికారం మా ఆవిడ చేతికి పోయింది. మొన్నామధ్య "తయారవ్వండి, ఎక్కడికని అడక్కండి," అంది. మంగళగిరిలో దర్శనం చేసుకుని, పానకం తాగి, బెజవాడ సిటీ బస్సెక్కాం. జుట్టు నెరిసిన నాకు ఈసారి చిత్రంగా కునుకు కూడా రాలేదు. వారధి దాటుతుంటే, ఆనాడు బెల్లం మూటతో రాడ్డు పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, ఎంత కంగారు పడ్డాడో! మెల్లగా తల ఆమె భుజం మీద వాల్చి కళ్లు మూసుకున్నాను. బస్సు ఆగింది. అందరూ దిగుతున్న చప్పుడు. కండక్టరమ్మ "దిగాలండీ" అంటూ దగ్గరికొచ్చింది. నేను కదల్లేదు.

"ఆయన్ని లేపకమ్మా," అంది మా ఆవిడ మెల్లగా. "వెనక్కి ఒక్క టిక్కెట్టు కొట్టు."