ఆకువక్కల సంచిలో ఏడు రాళ్ళు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. ఈ సాక్ష్యం నేను ఎప్పుడో రాయవలసింది, కానీ రాయడానికి అప్పట్లో నాకు అక్షరాలే రావు! తమిళనాట ధర్మపురి పక్కన సోగత్తూరులో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ యాభై ఆరేళ్ళు బతికాను గానీ, రెండింటిలో ఏదీ చదవడం నేర్చుకోలేదు. కుప్పం వైపు నుంచి వచ్చిన మా పాస్టరమ్మ నా చేత పలక పట్టించి, రెండేళ్ళు ఓపికగా దిద్దించింది కాబట్టి ఈ రోజు నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి.

ఒకసారి కారిమంగళం సంత నుంచి వస్తుంటే బస్సులో ఉన్నట్టుండి నా గుండె దడదడా కొట్టుకుంది, ఒళ్ళంతా చెమట, ఊపిరి ఆడలేదు, ఇక ఇక్కడే చచ్చిపోతాననుకున్నాను. డాక్టరు చూసి గుండె బాగానే ఉంది, రక్తపోటు కొంచెం ఉంది, రోజూ ఒక మాత్ర వేసుకోమన్నాడు. మాత్ర వేసుకున్నాను, రక్తపోటు తగ్గింది, భయం మాత్రం తగ్గలేదు. బస్సు హారన్ వినబడితే చాలు, ఇంట్లోకి పోయి తలుపేసుకునేదాన్ని.

అప్పుడు మా పక్కింటామె, సంతలో గుడ్డ పరిచి రంగురాళ్ళు అమ్మే మనిషి దగ్గర నుంచి మూడు రాళ్ళు తెచ్చిచ్చింది. గులాబి రంగుది గుండెకు, ఊదాది నిద్రకు, నీళ్ళలాగా తేటగా ఉన్నది ధైర్యానికి. శుక్రవారం ఉప్పునీళ్ళలో కడగాలి, వెన్నెల్లో పెట్టాలి, ఒంటిని అంటిపెట్టుకుని ఉంచాలి, ఇంకొకరి చెయ్యి తగిలితే బలం పోతుంది అని చెప్పింది. ఆమెకు డబ్బిచ్చి ఇంకా తెప్పించుకున్నాను, మూడు కాస్తా ఏడయ్యాయి. నడుము దగ్గర నా రొండిన దోపుకునే సంచిలో ఆకులూ వక్కలూ తీసేసి రాళ్ళు పోసుకున్నాను. మా ఇంటాయన ఎగతాళి మనిషి, భోజనం కాగానే చెయ్యి చాచి, "ఏమే, ఆకు లేదంటే ఒక రాయన్నా ఇయ్యి, సున్నం రాసి నమిలేస్తా" అనేవాడు. నేను సంచి ముడి ఇంకా బిగించుకునేదాన్ని.

సహోదరులారా, మునుపు నాకు బస్సంటేనే భయం, ఇప్పుడు బస్సుకూ భయమే, రాళ్ళు పోతాయేమోననీ భయమే! సంచి లేకుండా గడప దాటేదాన్ని కాదు. పాస్టరమ్మ గురువారం గురువారం మా ఇంటికొచ్చి నా కోసం ప్రార్థన చేసేది, నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అనేదాన్ని, కొంగు కింద నా చెయ్యి మాత్రం సంచిని పట్టుకునే ఉండేది.

నా కూతురు వసంతను ఏ. పళ్లిపట్టి అనే ఊళ్ళో ఇచ్చాము. దాని బిడ్డ జ్యోతి అప్పుడప్పుడే నడక నేర్చింది. వాళ్ళు మా ఇంటికి వచ్చిన ఒక రోజు ఆ పసిది తప్పటడుగులు వేసుకుంటూ నా దగ్గరకు వచ్చి, నవ్వుతూ నా రొండిన సంచిలో చెయ్యి పెట్టింది. పరాయి చెయ్యి తగిలిందని నేను ఆ చిన్న చేతి మీద చురుక్కుమనేలా కొట్టాను. బిడ్డ గుక్క పట్టి ఏడ్చింది. వసంత లేచింది. బట్టలు సర్దుకుని, బిడ్డను చంకనేసుకుని, గుమ్మంలో నిలబడి, "నీ రాళ్ళను నువ్వెత్తుకోమ్మా, నా బిడ్డను నేనెత్తుకుంటా" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. బూత్ నుంచి ఫోన్ చేస్తే అల్లుడు మాట్లాడేవాడు, అది మాట్లాడేది కాదు. పోయి చూద్దామంటే బస్సెక్కాలి కదా! నాలుగు నెలలు మనవరాలి ముఖం చూడలేదు.

ఇప్పుడు దేవుడు చేసిన పని వినండి. వాన పడ్డాక మా మెట్టచేను ట్రాక్టరుతో దున్నించాము. దుక్కి అయ్యాక రాళ్ళేరి గట్టు మీద వేయడం మా ఆడవాళ్ళ పని, కోడలిగా అడుగుపెట్టినప్పటి నుంచీ నేను చేస్తున్న పని. మా నేలలో పలుగురాళ్ళు ఎన్ని ఏరినా తరగవు. ఆ సాయంత్రం చాలులో ఒక రాయి మెరిసింది. వానకు కడుక్కుని తేటగా ఉంది. సంచి విప్పి నా ధైర్యపు రాయి తీసి, రెండింటినీ అరచేతిలో పెట్టి చూశాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసేసరికి సంతలో కొన్నది ఏదో, చేనులో దొరికింది ఏదో నాకే తెలియలేదు!

మా ఇంటాయన వచ్చి తొంగి చూసి, "మా తాత కాలం నుంచీ వీటిని ఎత్తి పారేస్తానే ఉండాము, నువ్వు కొనుక్కొచ్చినావా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వు ఆగక ముందే ఏడుపొచ్చింది. ఆయన గంప ఎత్తుకుని పోయాడు. రెండిట్లో ఒకటి సంచిలో వేసి, ఒకటి గట్టు మీద రాళ్ళ కుప్పలో వేసి, నేను అక్కడే కూర్చున్నాను. అంతవరకూ నా అంతట నేను ప్రార్థన చేసింది లేదు. ఆ రోజు చేశాను, వట్టి చేతులతో చేశాను.

"ప్రభువా, ఇన్నేళ్ళూ నేను ఏరి పారేసిన రాయికే నా ప్రాణం అప్పగించినాను, నాకు బుద్ధి లేదు. పసిబిడ్డ చెయ్యి కొట్టినాను. ఈ భయం నువ్వు తీసెయ్యి. తీసెయ్యకపోతే భయంతోనే నన్ను నడిపించు, వసంత ఇంటిదాకా నడిపించు."

ఆకాశం నుంచి శబ్దమేమీ రాలేదు. కానీ లేచి ఇంటికి నడిచి వచ్చాక చూసుకుంటే, దారి పొడుగునా నా చెయ్యి రొండికి పోలేదు! మహిమంతా ఆయనదే! ఈ రోజుకీ మాత్ర వేసుకుంటాను, అప్పుడప్పుడు గుండె దడ వస్తుంది, వచ్చినా నేను ఒంటరిదాన్ని కానని తెలుసు. సహోదరీలారా, మీలో ఎవరైనా కొంగు కింద దేన్నైనా గట్టిగా పట్టుకుని ఉంటే, ఆ పిడికిలి ఒక్కసారి విప్పి ఆయనను అడిగి చూడండి. నాలాంటి చదువురాని దాని మాట విన్నవాడు మీ మాట వినడా!

ఆ ప్రార్థన చేసిన మరుసటి రోజు తెల్లవారగానే ఏడు రాళ్ళనూ తీసుకుపోయి గట్టు మీద కుప్పలో పోశాను. సంచి ఉతికి ఆరేసి, దాని నిండా బొరుగులూ బెల్లమూ పోసుకుని, బోర్డు చదవరాదు కాబట్టి నలుగురినీ అడిగి బస్సెక్కాను. సగం దారిలో గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది, నేను ప్రభువా ప్రభువా అనుకుంటూ కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను, బస్సు పోతూనే ఉంది, నేనూ పోతూనే ఉన్నాను. ఏ. పళ్లిపట్టిలో దిగి నడిచి వెళ్తే వసంత వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి, నా వెనక ఎవరూ లేరని చూసి, "ఒక్కదానివే బస్సులో వచ్చినావామ్మా?" అంది, చెంబు చేతిలోనే ఉండిపోయింది. దాని వెనక నుంచి జ్యోతి వచ్చి నా ముఖమూ, నా రొండిన సంచీ చూసి, చెయ్యి వెనక్కి దాచుకుంది. నేను మట్టిలోనే కూర్చుని, సంచి ముడి విప్పి, సంచిని దాని చేతికే ఇచ్చేశాను.