తలకింద పెట్టిన కాగితం

తొంభై ఒకటో సంవత్సరం, వినాయక చవితి పోయిన మూడోనాడు, పగలు పదకొండున్నరకు మా ఇంటాయన పొలం నుంచి వచ్చి గడపలో కూలబడ్డడు.

ఇన్నేండ్లకు ఆ దినం మళ్ళీ నా ముందటికి ఎందుకొచ్చిందంటే, సూర్యాపేటలో నర్సు చదువు చదివే నా మనవరాలు మొన్న సెలవులకు వచ్చి అరుగు మీద గట్టిగా పాఠం చదువుకుంటుంటే, అదేందో నాకు తెలుగులో చెప్పమని అడిగిన. పిల్ల ఓపికగానే చెప్పింది. నరం కండకు కబురు చెప్పాలంటే చివరన ఇంత రసం వదులుతదట, పని కాంగనే ఆ రసాన్ని తుడిచేసే ప్రోటీన్ ఒకటి అక్కడే కాపలా ఉంటదట, పురుగుమందు పోయి దానికి అతుక్కున్నదంటే తుడిచే దిక్కు లేక కబురు ఆగకుండా పోతనే ఉంటదట. ఇగ ఒళ్ళంతా చెమట, నోరంతా చొంగ, కండలన్నీ అదురు, ఆఖరుకు ఊపిరి తీసే కండ కూడా అలిసిపోతదట. "అర్థమైతుందా నానమ్మా?" అని అడిగితే నవ్వొచ్చింది. నీ పుస్తకంలోది నేను కండ్లార చూసిన బిడ్డా అన్న.

మాది త్రిపురారం దిక్కు, కాలువ కింద వరి. ఆ ఏడు పైరుకు సుడిదోమ పడ్డది. అప్పట్ల మందు కొట్టుడంటే ఎట్లుండేదో నా ఈడువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, బకెట్ల మందు పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాళ్ళం, ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాణ్ణి పిరికోడని నవ్వేవాళ్ళం. వీపు మీది డబ్బా కారి అంగీ అంత నానినా, ఇంకా రెండు మళ్ళే కదా అని ఆయన ఆపలేదు. ఇంటికొచ్చేసరికి కనుపాపలు ఆవగింజలంత అయినయి, రెప్పలు అదురుతున్నయి, మాట ముద్దముద్దగ వస్తున్నది. మా అత్త ఎండదెబ్బ అని ఉల్లిగడ్డ నలిపి అరికాళ్ళకు రుద్దబట్టింది. నాకు మందు వాసన తగిలి, మరిదిని కేకేసి ట్రాక్టర్ తీయించిన.

పోయేముందు తడి అంగీ విప్పి తువ్వాలల మూటగట్టిన. ఎందుకంటే అది కొత్త అంగీ, పారేయ మనసొప్పలేదు, నిజం చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆయన వెంట తెచ్చిన మందు సీసా చేతిల పట్టుకొని, దాంతో వచ్చిన కాగితం గూడ మూటలనే పెట్టిన. అప్పటికి నాకు ముప్పై ఐదేండ్లు, ఒక్క అక్షరం రాదు. కాని కోదాడ దగ్గరి మా తల్లిగారింట్ల, అక్షరాలున్న కాగితం కాలికి తగిలితే కండ్లకద్దుకొని ఎత్తున పెట్టాలని మా అమ్మ నేర్పింది. చదవడం నేర్పలేదు, మొక్కడం నేర్పింది.

మిర్యాలగూడ దవాఖానల సీసా చేతికియ్యంగనే డాక్టర్ సారు మంచి పని చేసినవమ్మా అన్నడు. సిస్టరమ్మ ఆయనకు సబ్బుతోటి స్నానం చేయించింది. సూది మీద సూది వేస్తుంటే మెల్లగా చెమట ఆరింది, చొంగ ఆగింది, కనుపాపలు పెద్దగైనయి, ఇగ మొదలైనయి మాటలు. డాక్టర్‌ను చూసి కాలువ తూము కాడ నీళ్ళు వదిలే లష్కర్ అనుకున్నడేమో, "ఏం లష్కరూ, కింది మళ్ళకు నీళ్ళు ఎప్పుడిడుస్తవ్? అడిగినప్పుడల్లా రేపంటవ్, సిగ్గులేదా?" అని తగులుకున్నడు. సారు నాడి పట్టుకొని, "ఇడుస్తున్ననే, నువ్వు జర పండుకో" అన్నడు. ఆ పిచ్చిమాటలు సూది పనిచేస్తున్న గుర్తేనని సిస్టరమ్మ చెప్తే, మా అత్త ఏడ్చుకుంటనే నవ్వింది.

మంచం మీద మెత్త లేదు. తల వాలిపోతుందని నేను ఆ మూటనే తలకింద పెట్టిన. కాగితం గూడ ఎత్తున ఉన్నట్టయితదని మనసుకు నిమ్మళమైంది.

సాయంత్రం ఐదు దాటేసరికి ఆయనకు మళ్ళీ చెమటలు. మళ్ళీ చొంగ, గొంతుల గురగుర. డాక్టర్ మొఖం మాడిపోయింది, కడిగినం, మందిచ్చినం, ఇంకా యాడికెల్లి ఎక్కుతుంది అంటున్నడు. సిస్టరమ్మ వంగి వాసన చూసి, ఆయన తల ఎత్తి, కిందున్న మూట బయటికి గుంజింది.

"ఏందక్కా ఇది?"

"ఆయన అంగీ సిస్టరమ్మా. తలకు ఎత్తుగ ఉంటదని..."

"మేమొక దిక్కు కడుగుతుంటే నువ్వొక దిక్కు పూస్తున్నవా తల్లీ! మనిషి దక్కాలనుందా లేదా నీకు?" అని డాక్టర్ ఒర్లిండు.

సిస్టరమ్మ చేతికి తొడుగులేసుకొని మూట విప్పితే కాగితం పడ్డది. తెలుగులనే ఉన్నది. మందు ఒంటి మీద పడితే బట్టలు వెంటనే విడిచి దూరంగా పెట్టాలి, ఒళ్ళు సబ్బుతో కడగాలి అని చదివి, చదవలేదా అక్కా అన్నది. రాదు అన్న. ఆమె తిట్టకుండ ఆ ముక్కనే మళ్ళీ మెల్లగ చదివి వినిపించింది. డాక్టర్ తిట్టు మర్చిపోయిన గాని, ఆమె చదివి వినిపించుడు మర్చిపోలే.

తల మళ్ళీ కడిగిండ్రు. మరిది ఉరికి తెచ్చిన ఇంకో మందు సీసా ఎక్కించిండ్రు. అది ప్రోటీన్‌కు అతుక్కున్న విషాన్ని ఊడదీసే మందని, ఆలస్యమైతే ఆ అతుకు బిగుసుకొని ఇగ ఊడదని, ఒళ్ళు కొత్త ప్రోటీన్ చేసుకునేదాకా ఊపిరి నిలబెట్టుడే మిగులుతదని ఇప్పుడు మనవరాలు చెప్తే తెలిసింది. ఆనాడు మాకు తెలిసింది ఒక్కటే, దీపాలు పెట్టేయాళకు ఆయన నా పేరు సరిగ పిలిచి మంచినీళ్ళడిగిండు.

చాన్నాళ్ళు ఆయనకు పిడికిలి బిగియలేదు, ముంత పట్టుకుంటే వణికేది. చెడిపోయిందాన్ని ఒళ్ళే మెల్లగ కొత్తగ చేసుకుంటదమ్మా, తొందరపడకు అని డాక్టర్ చెప్పిండు. నలభై ఏండ్ల ఒళ్ళు కొత్తది చేసుకోంగ లేంది నా తలకాయకు ఏం రోగమనుకొని, ఊళ్ళె పెద్దవాళ్ళకు చదువు చెప్తుంటే పలక పట్టుకొని పోయి కూచున్న. "కోడలా, పలక పగులుతది పైలం, మాస్టర్ కొడ్తడు" అని మా అత్త ఎక్కిరించేది. మరుసటి ఏడు మందు కాగితం మొదటిసారి నేనే చదివిన, కూడబలుక్కుంట పూర్తిచేసేసరికి పొద్దు వాలింది. ఆయన ఖాళీ డబ్బా పక్కన కూచొని, "నువ్వు చదివేలోపు దోమ ముసలిదై సచ్చేటట్టుంది" అన్నడు గాని, కదల్లేదు. తర్వాత్తర్వాత ఇరుగుపొరుగోళ్ళు గూడ వాళ్ళ కాగితాలు నా దగ్గరికి తెచ్చేటోళ్ళు.

ఇప్పుడు మునగాల దిక్కు డ్రోన్‌తోటి మందు కొడ్తున్నరట. ఇంటికొకరు డిగ్రీ చదివినవాళ్ళున్నరు, కాగితం మాత్రం మడత విప్పకుండనే గట్టు మీద పడి ఉంటది. చదువు రానినాడు ఒకరు చదివితే పదిమంది వినేవాళ్ళం, ఆ వినుడు పోయింది. అయినా మనవరాలు పాఠం వల్లెవేస్తుంటే నాకు ధైర్యంగనే ఉంటది, ఏదో ఒకనాడు ఏ మంచం మీదనో ఎవరి తలనో ఎత్తి చూస్తది.

ఆ రోజు ఆ మంచం చుట్టు ఉన్నది వీళ్ళు: మందుల షాపుకు ఉరికిన మా మరిది, కాళ్ళకాడ కూచొని మొక్కులు మొక్కిన మా అత్త, నన్ను తిట్టిన డాక్టర్ సారు, తిట్టకుండ చదివి వినిపించిన సిస్టరమ్మ, లష్కర్‌తోటి కొట్లాడిన మా ఇంటాయన, ఆయన తలకింద ఆ కాగితం, దాన్ని అంత భద్రంగ అక్కడ పెట్టిన నేను.