చర్మం డిపార్ట్‌మెంటుకి పారిపోయిన నెల

ఆ రోజుల్లో నాకు భవిష్యత్తంటే నెలాఖరు వరకే. పిల్లల వైద్యంలో పీజీ రెండో ఏడాది, గోదావరి ఒడ్డున ఒక పెద్దాసుపత్రి. ఆ ఏడాది ఒక నెల మనకి నచ్చిన డిపార్ట్‌మెంటులో పనిచేయవచ్చు, దాన్ని ఎలెక్టివ్ అంటారు. తెలివైనవాళ్లు గుండె, మెదడు, మూత్రపిండాలు రాసుకున్నారు. నేను చర్మం రాసుకున్నాను. ఆ వానాకాలం మా వార్డులో వరసగా ముగ్గురు పిల్లలు పోయారు. మూడో పిల్లాడి తండ్రి నా చేతిలోంచి మరణ ధ్రువీకరణ కాగితం తీసుకుని, "థాంక్సండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి నాకు ముద్ద దిగేది కాదు.

నా రూమ్మేటుని పంచాంగం అనేవాళ్లం (ఏ డిపార్ట్‌మెంటు ఎన్నింటికి మూస్తారో నోటికి చెప్పేది). చర్మం సలహా దానిదే. "చర్మానికి పోవే. ఒంటిగంటకల్లా భోజనాలు అయిపోతాయి. అక్కడ ఇంతవరకు ఏ పేషెంటూ పోలేదు." అమ్మ ఫోనులో ఇంకా సంతోషించింది. "పనిలో పని, నీ గడ్డం మీద మచ్చలకి కూడా ఏదైనా అడుగు." మా యూనిట్ పెద్దమేడం ఫారం చూసి, "చర్మం ఎందుకమ్మా?" అన్నారు. "పిల్లల్లో చర్మవ్యాధుల ప్రాముఖ్యత..." అంటూ బట్టీపట్టింది మొదలెట్టాను. "పారిపోతున్నావా?" అన్నారు. ఫారం ఇంకాస్త ముందుకి జరిపాను. సంతకం పెట్టేశారు.

మొదటి రోజు పొద్దున్నే గజ్జి చూశాను, తామర చూశాను, తలలో పేలు చూశాను. పేలు చూసి అంత ఆనందపడ్డ మనిషి ఈ జిల్లాల్లో ఇంకొకరు ఉండరు. పదకొండింటికి ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టే పని ఆవిడది. "నిన్న జొరమొచ్చిందండి. పొద్దున్నుంచి ఈ మచ్చలండి. మందు కొట్టిన మొక్కలు ముట్టుకుందేమోనని ఇటే తీసుకొచ్చానండి." పిల్ల కాళ్ల మీద ఊదారంగు మచ్చలు. బొటనవేలితో నొక్కాను. రంగు పోలేదు. అంటే చర్మం కింద నెత్తురు చిమ్ముతోంది, ఇది మొక్కల మందు కాదు, నెత్తుట్లో చేరిన ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. చేతులు చల్లగా ఉన్నాయి.

పిల్లని ఎత్తుకుని పరిగెత్తాను. మెట్ల దగ్గర ఒక చెప్పు ఊడిపోయింది. "లిఫ్టుంది మేడం!" అని వాచ్‌మన్ అరిచాడు (అది పనిచేయగా నేనెప్పుడూ చూడలేదు). వార్డులో పెద్దమేడం, "నువ్వు చర్మంలో కదా..." అనబోయి, పిల్లని చూసి ఆగిపోయారు. సెలైన్లు, ఇంజెక్షన్లు, గొంతులో గొట్టం. చేయగలిగినవన్నీ చేశాం. సాయంత్రం నాలుగుంపావుకి పిల్ల పోయింది.

"పద, తల్లికి చెప్పాలి. నువ్వే చెప్పు" అన్నారు పెద్దమేడం. ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు. "మీరు పరిగెత్తారండి. నేను చూశాను" అంది ఆ తల్లి. ఆ తర్వాత గోడకి ఆనుకుని జారిపోయింది. ఆవిడ పక్కన నేనూ కూలబడ్డాను.

మర్నాడు పెద్దమేడం దగ్గరికెళ్లి, "ఎలెక్టివ్ రద్దు చేసేయండి మేడం, వార్డుకే వచ్చేస్తాను" అన్నాను. "అక్కణ్ణించి కూడా పారిపోతావా?" అన్నారావిడ, తల ఎత్తకుండానే. "వెళ్లు. మచ్చలు చూడటం నేర్చుకునే రా." వెళ్లాను. మిగిలిన రోజులన్నీ గజ్జి, తామరే. ఎవరూ పోలేదు. అయినా ఒక్కరోజు కూడా ఒంటిగంటకి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు నాకు సొంత క్లినిక్ ఉంది. ఎండాకాలం పిల్లల వీపుల మీది ప్రతి ఎర్రచుక్కనీ వేలితో నొక్కి నొక్కి చూస్తుంటే తల్లులు నవ్వుతారు. "చెమటకాయలేనండీ! ఇంత పరీక్షేంటండి?" నేనూ నవ్వేస్తాను. చావు రాని డిపార్ట్‌మెంటు ఒకటి ఉంటుందని నమ్మి, శ్రద్ధగా ఫారం నింపిన ఆ అమ్మాయి అప్పుడు గుర్తొస్తుంది. పిచ్చిపిల్ల. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది.