నేను సంతకం పెట్టని కవరు

మొన్న ఆదివారం అజ్మాన్‌లో మా ఆడపడుచు ఇంట్లో భోజనాలయ్యాక, ఊరి నుంచి కొత్తగా వచ్చిన వాళ్ల వియ్యపురాలు, ఇన్నేళ్లూ దుబాయ్‌లో ఏం ఉద్యోగం వెలగబెట్టావమ్మా అని అడిగింది. ఆ ఉద్యోగం అసలు పేరు చెబితే అరగంట వివరించాలి, ఆ అరగంటలో ఆవిడకి కునుకు పట్టేస్తుంది, అందుకని హాస్టల్ వార్డెనని చెప్పి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం మనసు ఒప్పుకోలేదు. మన ఈడు వాళ్లకు వార్డెనంటే బెత్తం, గేటు తాళం, పిల్లల ఉత్తరాలు విప్పి చదవడం. నేను చేసింది అది కాదు.

ఇక్కడి ఒక అమెరికా విశ్వవిద్యాలయం శాఖలో విద్యార్థి వ్యవహారాల విభాగమని ఉండేది. పాఠాలు చెప్పడం తప్ప పిల్లల సమస్తమూ దాని నెత్తినే: గది, తిండి, జ్వరం, దిగులు, ఒకే గదిలో ఇద్దరికి పడకపోవడం, పరీక్ష పోతే ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక ఏడవడం. నాది ఆడపిల్లల వసతి. మొదటి వారం శిక్షణలో మా డైరెక్టరమ్మ, ఆవిడ అమెరికన్, పిల్లల గది తలుపు మూడుసార్లు తట్టి, మన పేరు చెప్పి, రమ్మన్నాకే లోపలికి వెళ్లాలని నేర్పితే, పెద్దవాళ్లు తలుపు తట్టడమేమిటని మావారితో చెప్పి నవ్వుకున్నాను గానీ, ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో మా అబ్బాయి గది తలుపు కూడా తట్టే అలవాటైపోయింది. ఆ వృత్తి మీద నాకు భక్తి కుదిరింది అలాగే.

కోనసీమ నుంచి పూర్తి స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఒక పిల్ల ఉండేది. తల్లి షార్జాలో ఒక విల్లాలో ఇంటిపని చేసేది, పిల్ల ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగింది. చేరిన రోజు కాగితంలో ఇంటి చిరునామా అన్నచోట అమ్మమ్మ ఊరు రాస్తే, నేనే అతితెలివికి పోయి దిద్దించాను. ఒంట్లో బాగాలేకపోతే సముద్రం అవతలున్న ముసలావిడ ఏం చేస్తుంది, ముప్పావుగంట దూరంలో కన్నతల్లి ఉండగా అని, ఆ విల్లా చిరునామా ఎక్కించాను. దగ్గరివాళ్లెవరో తెలుసుకోవడమే మా పనిలో మొదటి పాఠం గనక మంచే చేశాననుకున్నాను. అది తల్లికే ఇల్లు కాదన్న సంగతి నాకు తట్టనేలేదు.

రెండు వేల ఇరవై మార్చిలో కరోనా వచ్చిపడింది. ఈ దేశంలో ఇల్లున్న పిల్లలంతా మూడు రోజుల్లో గదులు ఖాళీ చెయ్యాలని, పరాయి దేశం చిరునామా ఉన్నవాళ్లు మాత్రమే ఉండవచ్చని అమెరికా నుంచి ఉత్తర్వు, వెనకాలే కంప్యూటర్ తీసిన జాబితా వచ్చాయి. ఖాళీ చెయ్యాల్సినవాళ్లలో మా కోనసీమ పిల్ల పేరు చూసేసరికి ఆ చిరునామా దిద్దించింది నేనేనని గుర్తొచ్చింది. అప్పటికే ఇండియాకు విమానాలు ఆగిపోయాయి. తల్లికి ఫోన్ చేశాను.

"ఈ ఇంట్లో నాకే స్టోరు గదిలో చాపేసుకునేంత చోటండీ. ఈ రోగం రోజుల్లో పిల్లని తెచ్చానంటే మా మేడం ఇద్దర్నీ గేటు బయట నిలబెట్టేస్తారండీ. తమరే ఏదోటి చెయ్యాలండీ," అందావిడ.

తప్పు నాది, చిరునామా నేనే మార్చాను, మళ్లీ దిద్దుతానని డైరెక్టరమ్మతో మొత్తుకున్నాను. ఆవిడ చెడ్డది కాదు, పాపం ఆవిడకీ నిద్రల్లేవు, కానీ జాబితా ఇక కదలదని, ఒకరికి సడలిస్తే వందమంది అడుగుతారని, నీకు జాలి ఎక్కువని అంది. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అది జాలి కాదు, నా ఉద్యోగం.

మా దగ్గర ఒక పద్ధతుండేది. ఖాళీ చేసే పిల్ల తాళంచెవిని కవరులో పెట్టి, అంటించి, దాని మీద సంతకం చేస్తే, పక్కన నేను సంతకం చెయ్యాలి. రెండు సంతకాలూ పడేదాకా గది ఖాళీ అయినట్టు లెక్క కాదు. ఆ నియమం నేను పెట్టింది కాదు, వాళ్ల పుస్తకంలోదే.

మూడో రోజు పిల్లల్ని వాళ్ల ఇళ్లకు దింపే బస్సు కింద నిలబడి ఉంది. ఆ పిల్ల గది ఊడ్చి, పెట్టె సర్దుకుని, సంతకం చేసిన కవరు బుద్ధిగా నా చేతికిచ్చింది. ఎక్కడికి వెళతావని అడిగితే తెలీదండీ అంది. నేను కవరు చింపి, తాళంచెవి తీసి దాని చేతిలోనే పెట్టి, పైకి పొమ్మన్నాను.

"మేడం, సబ్ ఖలాస్? యల్లా?" అని, అంతా అయిపోయిందా, ఇక బయల్దేరనా అన్నట్టు డ్రైవరు భాయ్ కింది నుంచి కేకేశాడు. అందరూ ఎక్కేశారు, ఇక వెళ్లమన్నాను.

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద వీడియో సమావేశంలో, ముగ్గురు అధికారుల ముందు, తాళంచెవి కొత్త కవరులో పెట్టించి సంతకం చెయ్యమని డైరెక్టరమ్మ మూడుసార్లు అంది, మూడుసార్లూ చెయ్యనన్నాను. పిల్ల ఇంటికి వెళ్లిందని చెప్పడానికి కదా ఆ సంతకం, వెళ్లడానికి ఇల్లే లేనప్పుడు అబద్ధం కింద నా పేరు రాయనన్నాను. కావాలంటే నన్ను తీసేసి, ఆ సంతకానికి ఇంకొకరిని వెతుక్కోండి, విమానాలు లేని రోజుల్లో ఎవరొస్తారో నేనూ చూస్తానన్నాను.

రెండో సంతకం పడలేదు గనక లెక్కలో గది ఖాళీ కాలేదు, పిల్ల ఐదు నెలలు ఆ గదిలోనే ఉండి పరీక్షలు రాసింది, తర్వాత పట్టా కూడా పుచ్చుకుంది. తల్లి పని పోలేదు. నా ఫైల్లో ఒక హెచ్చరిక ఉత్తరం చేరింది, మరుసటి ఏడాది రెండు ఉద్యోగాలు కలిపి ఒకటి చేసినప్పుడు ఆ ఒకటి నాది కాలేదు. ఏడవలేదంటే అబద్ధం, వారం రోజులు ఏడ్చాను. తప్పు చేశానని మాత్రం ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను.

ఈ మధ్య ఉద్యోగ అనుభవ పత్రం కోసం ఆ పాత ఆఫీసుకు వెళితే అక్కడి కొత్త అమ్మాయి ముచ్చటగా అంతా తిప్పి చూపించింది. ఇప్పుడు తాళంచెవులు లేవు, తలుపులు ఫోనుతో తెరుచుకుంటాయి, ఖాళీ చెయ్యాల్సిన రోజు పన్నెండు కొట్టగానే గది దానంతటదే మూసుకుపోతుంది, ఎవరూ ఎక్కడా సంతకం పెట్టక్కర్లేదు. సౌకర్యమే, కాదనను. కానీ ఆ పన్నెండు గంటలకు ఏ పిల్లకైనా వెళ్లే చోటు లేకపోతే, ఈ సంతకం నేను పెట్టనని మొండికెయ్యడానికి అక్కడ మనిషంటూ ఎవరూ లేరు.